అవివాహిత తల్లిదండ్రుల సంతానం: భారతదేశంలో పితృత్వ నిర్ధారణ

పెళ్ళి చేసుకోని స్త్రీపురుషులకు పుట్టిన బిడ్డకు తండ్రి ఎవరో చట్టం ఎదుట తేల్చే ప్రక్రియను పితృత్వ నిర్ధారణ అంటారు. పెళ్ళైన దంపతుల విషయంలో ఈ ప్రశ్న సాధారణంగా తలెత్తదు. భర్తే తండ్రి అని చట్టం ముందుగానే భావిస్తుంది. పెళ్ళి లేనిచోట ఆ భావన లేదు కాబట్టి తండ్రి తానుగా ఒప్పుకోవాలి, లేదా కోర్టు తేల్చాలి. బిడ్డ పోషణ ఖర్చు, ఆస్తిలో వాటా, ఇంటిపేరు, ధ్రువపత్రాలు, కొన్ని సందర్భాల్లో పౌరసత్వం కూడా ఆ నిర్ధారణ మీద ఆధారపడి ఉంటాయి. వంశపారంపర్య జబ్బుల సమాచారం తెలుసుకోవడానికీ అది అవసరమవుతుంది.

భారతదేశంలో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక చట్టం లేదు. సాక్ష్య చట్టం, భరణానికి సంబంధించిన సెక్షన్లు, మతాలవారీ వ్యక్తిగత చట్టాలు, జనన నమోదు చట్టం, సుప్రీంకోర్టు తీర్పులు కలిసి ఈ రంగాన్ని నడుపుతున్నాయి. వీటన్నిటినీ కలిపి చూస్తే ఒక అసమానత కనిపిస్తుంది. తండ్రి ఎవరో తేలితే బిడ్డకు తిండి ఖర్చు రాబట్టే దారి బాగానే ఉంది. వారసత్వం దగ్గరకు వచ్చేసరికి మాత్రం తండ్రి ఎవరన్నది తేలినా సరిపోదు, తల్లిదండ్రుల మధ్య పెళ్ళి జరిగిందా అన్న ప్రశ్న మళ్ళీ అడ్డు నిలుస్తుంది.

చారిత్రక నేపథ్యం

పెళ్ళికి వెలుపల పుట్టిన పిల్లల ప్రస్తావన భారతీయ వాఙ్మయానికి కొత్త కాదు. ధర్మశాస్త్రాలు చెప్పిన పన్నెండు రకాల పుత్రుల్లో కన్యకు పుట్టిన కానీనుడు, రహస్యంగా పుట్టిన గూఢజుడు ఉన్నారు. మహాభారతంలో కర్ణుడు కానీనుడు. ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముడు తండ్రి ఎవరో తెలియక తల్లి జబాల పేరుతో గురువు దగ్గరకు వెళ్ళి శిష్యుడయ్యాడు. మితాక్షర సంప్రదాయంలో శూద్ర కుటుంబాల్లో దాసీపుత్రుడికి తండ్రి ఆస్తిలో పరిమితమైన వాటా ఉండేది. ఆ వాటా కోసం మద్రాసు ప్రెసిడెన్సీ కోర్టుల నుంచి ప్రీవీ కౌన్సిల్ దాకా దావాలు నడిచాయి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంతో ఆ హక్కు పోయింది.

బ్రిటిష్ పాలనలో ఇంగ్లండు పద్ధతి ప్రకారం రెండు ఏర్పాట్లు వచ్చాయి. వివాహ బంధంలో పుట్టిన బిడ్డ భర్త బిడ్డే అన్న సూత్రాన్ని 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షన్‌లో పెట్టారు. పెళ్ళికి వెలుపల పుట్టిన బిడ్డను కూడా తండ్రి పోషించాలన్న నియమం 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488వ సెక్షన్‌లో చేరింది. ఆ పిల్లలు దిక్కులేక సమాజం మీద పడకూడదన్నది ఈ రెండో నియమం వెనక ఉన్న ఉద్దేశం. అందుకే అది భరణం దగ్గరే ఆగింది, వారసత్వం జోలికి పోలేదు. నేటి చట్టంలో కనిపించే అసమానతకు మూలం అక్కడే ఉంది.

వివాహంపై ఆధారపడిన చట్టపు ఊహ

2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమల్లోకి వచ్చింది. పాత 112వ సెక్షన్ ఇందులో 116వ సెక్షన్‌గా కొనసాగుతోంది. చెల్లుబాటయ్యే వివాహం కొనసాగుతుండగా గానీ, అది రద్దయ్యాక 280 రోజుల లోపల తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా ఉండగా గానీ పుట్టిన బిడ్డ ఆ భర్త సంతానమే అనడానికి అది తిరుగులేని రుజువు. గర్భం ధరించే వీలున్న కాలంలో భార్యాభర్తలు కలిసే అవకాశమే లేదని రుజువు చేస్తే తప్ప ఈ ఊహ చెదరదు.

అవివాహిత తల్లికి ఈ సెక్షన్ సాయపడదు. తన బిడ్డకు తండ్రి ఫలానా అని రుజువు చేసే భారమంతా ఆమె మీదే పడుతుంది. అయితే ఇద్దరూ చాలాకాలం భార్యాభర్తల్లా కలిసి బతికి, ఊరు వారిని అలాగే గుర్తించి ఉంటే, వారి మధ్య పెళ్ళి జరిగే ఉంటుందని కోర్టు భావించవచ్చు. సుమారు యాభై ఏళ్ళ సహజీవనం ఉన్న కేసులో సుప్రీంకోర్టు 1978లో ఈ సూత్రాన్ని గట్టిగా వర్తింపజేసింది. కేరళ నుంచి వచ్చిన ఒక భాగపరిష్కార దావాలో 2022 జూన్‌లో దీన్నే మళ్ళీ చెప్పి, ఆ జంటకు పుట్టిన కొడుక్కి ఆస్తిలో వాటా ఇచ్చింది. పెళ్ళి ఫొటో, శుభలేఖ, రిజిస్ట్రేషన్ కాగితం లేని జంటల పిల్లలకు ఇది ముఖ్యమైన రక్షణ. కొద్దికాలపు పరిచయంలో పుట్టిన బిడ్డకు, లేదా అప్పటికే ఆ పురుషుడికి మరో భార్య ఉన్నచోట, ఈ సూత్రం పనిచేయదు.

తల్లికి వేరొకరితో చెల్లుబాటయ్యే వివాహం ఉన్నప్పుడు చిక్కు మరింత పెరుగుతుంది. అసలు తండ్రి ఫలానా అని తల్లీబిడ్డలు చెబుతున్నా, చట్టం దృష్టిలో భర్తే తండ్రిగా నిలుస్తాడు. భార్యాభర్తలు కలిసే అవకాశం లేదని ముందు రుజువు కాకపోతే మూడో వ్యక్తిని డిఎన్ఏ పరీక్షకు పంపడం కుదరదని సుప్రీంకోర్టు 2025 జనవరి 28న కేరళకు చెందిన మరో కేసులో స్పష్టం చేసింది. బయటి వ్యక్తి గోప్యత, పరువు కూడా లెక్కలోకి తీసుకోవాలని ఆ తీర్పు పేర్కొంది.

ఒప్పుకోలు, ఇతర సాక్ష్యం

అనేక దేశాల్లో తండ్రి ఒక ఫారం మీద సంతకం చేస్తే పితృత్వం తేలిపోతుంది. భారతదేశంలో అలాంటి ఫారం లేదు. అయినా తండ్రి రాతపూర్వకంగానో, మాటలోనో, ప్రవర్తన ద్వారానో చేసిన ఒప్పుకోలును కోర్టు సాక్ష్యంగా తీసుకుంటుంది. నోటరీ ఎదుట రాసిన అఫిడవిట్, రిజిస్టర్ చేసిన ప్రకటన, పెద్దమనుషుల పంచాయితీలో రాసిచ్చిన కాగితం, ఉత్తరాలు, ఆసుపత్రి అంగీకార పత్రం మీద పెట్టిన సంతకం, బడి అడ్మిషన్ రిజిస్టరులో రాయించిన పేరు, రేషన్ కార్డు, బీమా పాలసీలో నామినీ వివరాలు, బ్యాంకు ఖాతాలో వేసిన డబ్బు వంటివన్నీ పనికొస్తాయి. వాట్సాప్ సందేశాల వంటి ఎలక్ట్రానిక్ రికార్డుల ప్రతులు దాఖలు చేసేటప్పుడు సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. ఇద్దరి బంధుత్వం గురించి దగ్గరివారు తమ ప్రవర్తన ద్వారా వ్యక్తం చేసిన అభిప్రాయం కూడా సాక్ష్యమే. బారసాలకు వచ్చి నామకరణం చేయించిన తండ్రి, మనవరాలని చెప్పుకుని ఊళ్ళో తిప్పిన నానమ్మ సంగతులు అందుకే కోర్టులో వివరంగా చెప్పిస్తారు.

జనన నమోదు

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన సమాచారాన్ని 21 రోజుల్లో రిజిస్ట్రారుకు ఇవ్వాలి. ఆసుపత్రిలో పుడితే ఆ బాధ్యత ఆసుపత్రిదే. 2023లో చట్టాన్ని సవరించి, ఒంటరి తల్లి లేదా తండ్రికి, అవివాహిత తల్లికి పుట్టిన బిడ్డ విషయంలో ఆ తల్లి లేదా తండ్రే సమాచారం ఇవ్వవచ్చని స్పష్టంగా చేర్చారు. ఆ సవరణ 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందే 2015 జులైలో, ఏబీసీ అన్న గుప్తనామంతో నడిచిన కేసులో, అవివాహిత తల్లి అఫిడవిట్ ఇస్తే చాలని, తండ్రి పేరు చెప్పమని ఆమెను ఒత్తిడి చేయకుండా జనన ధ్రువపత్రం ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలన్న మార్పు 2016 డిసెంబరులో వచ్చింది. ధ్రువపత్రాల్లో తల్లి పేరు ఒక్కటే ఉంచుకునే హక్కు అవివాహిత తల్లి బిడ్డకు ఉందని కేరళ హైకోర్టు 2022 జులైలో తీర్పు చెబుతూ, కర్ణుడి లాంటి వేదన ఇక ఎవరికీ ఉండకూడదన్న భావాన్ని వెలిబుచ్చింది.

తండ్రి పేరు లేకుండా ధ్రువపత్రం పొందడమూ, తండ్రి ఎవరో చట్టం ఎదుట తేల్చడమూ వేర్వేరు విషయాలు. మొదటిది తల్లీబిడ్డల గౌరవాన్ని కాపాడుతుంది, రెండోది తండ్రి బాధ్యతను నిలబెడుతుంది. తండ్రి సంతకం లేకుండా తల్లి మాట మీద రిజిస్టరులో రాసిన పేరు ఒక సాక్ష్యం మాత్రమే. దాంతోనే పితృత్వం తేలిపోదు. అలాగని ధ్రువపత్రంలో తండ్రి పేరు లేకపోయినంత మాత్రాన తర్వాత భరణం అడిగే హక్కు పోదు.

భరణం కేసు ద్వారా నిర్ధారణ

ఆచరణలో ఎక్కువమంది తల్లులు పట్టే దారి భరణం కేసు. తెలుగు రాష్ట్రాల కోర్టుల్లో దీన్ని మనోవర్తి కేసు అని కూడా అంటారు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్. తల్లిదండ్రుల మధ్య పెళ్ళి జరిగినా జరగకపోయినా మైనరు బిడ్డను పోషించే బాధ్యత తండ్రిదేనని ఇది చెబుతుంది. మేజరయ్యాక కూడా శారీరక, మానసిక వైకల్యం వల్ల సంపాదించుకోలేని బిడ్డకు ఇది వర్తిస్తుంది. మతంతో నిమిత్తం లేదు. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అక్కడ, లేనిచోట ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టులో అర్జీ వేస్తారు.

ఇక్కడ తల్లికి, బిడ్డకు వేర్వేరు హక్కులున్నాయన్నది గుర్తుంచుకోవాలి. పెళ్ళి కాలేదని తేలితే ఈ సెక్షన్ కింద భార్యగా తల్లి అర్జీ వీగిపోవచ్చు. అదే అర్జీలో బిడ్డ హక్కు మాత్రం నిలుస్తుంది. ఇది త్వరగా ఆదుకునే విచారణ కాబట్టి సివిల్ దావాలో అడిగేంత కఠినమైన రుజువు ఇందులో అవసరం లేదని సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. డిఎన్ఏ పరీక్షకు రానన్న వ్యక్తి ఆ తర్వాత పితృత్వాన్ని కాదనలేడని కూడా అదే తీర్పులో తేల్చింది.

ఒకప్పుడు నెలకు 500 రూపాయలకు మించి భరణం ఇవ్వడానికి వీల్లేకపోయేది. 2001 సవరణ ఆ పరిమితిని ఎత్తేసింది. మధ్యంతర భరణం అర్జీని వీలైనంతవరకు నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలన్న నియమం కూడా అప్పుడే వచ్చింది. ఇరుపక్షాలూ ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్ ఇవ్వాలని, అర్జీ వేసిన తేదీ నుంచే భరణం లెక్కగట్టాలని సుప్రీంకోర్టు 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆదేశం తర్వాత కూడా చెల్లించకపోతే వారంటు ఇచ్చి సొమ్ము రాబట్టవచ్చు. అప్పటికీ బకాయి మిగిలితే, ఎగ్గొట్టిన ఒక్కో నెలకు ఒక నెల వరకు జైలుశిక్ష వేయవచ్చు.

హిందువులకు 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం మరో దారి చూపుతుంది. దాని 20వ సెక్షన్ ప్రకారం పెళ్ళికి వెలుపల పుట్టిన మైనరు బిడ్డను కూడా తల్లిదండ్రులు పోషించాలి. తండ్రి చనిపోతే, ఆయన ఆస్తిని పొందిన వారసులు ఆ ఆస్తి మేరకు ఆ బిడ్డను పోషించాలి. కొడుకైతే మైనారిటీ తీరేవరకు, కూతురైతే పెళ్ళయ్యేవరకు ఈ బాధ్యత కొనసాగుతుంది. తండ్రి పోయాక ఇక అడగడానికి ఎవరూ లేరని వెనక్కి తగ్గే తల్లులు తెలుసుకోవలసిన నియమం ఇది.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారికి 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం అండగా ఉంది. దాని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకుంటే న్యాయవాదిని కేటాయిస్తారు.

డిఎన్ఏ పరీక్ష, హైదరాబాదు పాత్ర

ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం పితృత్వ పరీక్షకు రక్త వర్గాలే ఆధారం. వాటితో ఒక వ్యక్తి తండ్రి కాదని కొన్నిసార్లు చెప్పగలిగేవారు గానీ, తండ్రి అని నిశ్చయంగా చెప్పలేకపోయేవారు. 1984లో ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ కనిపెట్టిన డిఎన్ఏ వేలిముద్రల పద్ధతి ఈ పరిస్థితిని మార్చింది.

భారతదేశంలో ఈ విజ్ఞానం హైదరాబాదులో వేళ్ళూనింది. సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీలో లాల్జీ సింగ్ బృందం 1980ల చివర్లో స్వదేశీ పద్ధతిని రూపొందించింది. కేరళలోని తలశ్శేరిలో ఒక పల్లెటూరి తల్లి తన బిడ్డ భరణం కోసం వేసిన కేసులో, మేజిస్ట్రేటు ఆదేశంపై తల్లీబిడ్డల నమూనాలు, తండ్రి అని ఆమె చెప్పిన వ్యక్తి నమూనా హైదరాబాదుకు వచ్చాయి. పరీక్ష ఆమె మాట నిజమని తేల్చింది. ఆ సాక్ష్యాన్ని 1991లో కేరళ హైకోర్టు సమర్థించింది. దేశంలో డిఎన్ఏ ఆధారంగా పితృత్వం తేలిన తొలి కేసుగా దీన్ని చెబుతారు. తర్వాత ఈ పనికోసం ప్రత్యేకంగా హైదరాబాదులోనే సెంటర్ ఫర్ డిఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నొస్టిక్స్ ఏర్పడింది. రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలలు కూడా ఇప్పుడు ఈ పరీక్షలు చేస్తున్నాయి.

బిడ్డ డిఎన్ఏలో సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుంది. డిఎన్ఏలో కొన్నిచోట్ల చిన్న చిన్న తునకలు వరుసగా పునరావృతమవుతాయి. ఎన్నిసార్లు పునరావృతమవుతాయన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. ఇలాంటి స్థానాలను పదిహేను, ఇరవై లేదా అంతకన్నా ఎక్కువ ఎంచుకుని తల్లీబిడ్డలవి, ఆ పురుషుడివి పోల్చుతారు. తల్లి నుంచి రాని భాగం ప్రతిచోటా ఆ పురుషుడితో సరిపోతే అతడే తండ్రి అయ్యే సంభావ్యత సాధారణంగా 99.9 శాతం దాటుతుంది. పలుచోట్ల సరిపోకపోతే అతడు తండ్రి కాడు. చెంప లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన నమూనా చాలు, రక్తమే అక్కర్లేదు. ఏకరూప కవలల్లో ఎవరు తండ్రి అన్నది మాత్రం ఈ మామూలు పరీక్ష చెప్పలేదు.

పరీక్ష ఫలితం కోర్టులో నిలవాలంటే నమూనా ఎవరిదో, ఎవరి సమక్షంలో తీశారో, సీలు చెదరకుండా ప్రయోగశాలకు ఎలా చేరిందో నమోదై ఉండాలి. ఇంటి దగ్గర నమూనా తీసి ప్రైవేటు ల్యాబుకు పంపి తెచ్చుకున్న నివేదిక కోర్టులో నిలబడటం కష్టమయ్యేది ఇందుకే.

కోర్టు ఎప్పుడు పరీక్షకు ఆదేశిస్తుంది

అడిగినంతనే పరీక్షకు ఆదేశించరాదని, బలమైన ప్రాథమిక ఆధారం ఉండాలని, బిడ్డ మీద పడే ప్రభావాన్ని తూచి చూడాలని సుప్రీంకోర్టు 1993లో చెప్పింది. వైద్య పరీక్షకు ఆదేశించే అధికారం కోర్టుకు ఉందని, అది వ్యక్తి స్వేచ్ఛకు భంగం కాదని, నిరాకరించినవారికి వ్యతిరేకంగా నిర్ణయానికి రావచ్చని 2003లో ప్రకటించింది. సత్యం తేలడానికి ఆ పరీక్ష అనివార్యమైతేనే ఆదేశించాలన్న కొలమానాన్ని 2010లో ఖరారు చేసింది. 2014లో ఒక కేసులో, చట్టపు ఊహకూ శాస్త్రం రుజువు చేసిన నిజానికీ వైరుధ్యం వస్తే నిజానిదే పైచేయి అని తీర్పు ఇచ్చింది. భార్యపై ఆరోపణ నిరూపించడానికి బిడ్డను పరీక్షకు లాగరాదని, తన జన్యు సమాచారంపై బిడ్డకు గోప్యత హక్కు ఉందని 2023లో నొక్కి చెప్పింది.

ఈ తీర్పుల్లో చాలావాటికి నేపథ్యం పెళ్ళైన భర్త బిడ్డను కాదనడం. అక్కడ పరీక్షను అదుపులో పెట్టడం బిడ్డకు రక్షణ. అవివాహిత తల్లి విషయంలో అదే పరీక్ష బిడ్డకు ఆసరా అవుతుంది. బిడ్డే తండ్రి ఎవరో తేల్చమని అడుగుతున్నప్పుడు, కాపాడటానికి వివాహ బంధం అనేదే లేనప్పుడు, పరీక్షకు అభ్యంతరం చెప్పే కారణాలు బాగా తగ్గిపోతాయి.

ఈ రంగంలో అందరికీ తెలిసిన కేసు రోహిత్ శేఖర్‌ది. ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ మాజీ ముఖ్యమంత్రి నారాయణ్ దత్ తివారీ తన తండ్రి అని ప్రకటించాలంటూ రోహిత్ 2008లో ఢిల్లీ హైకోర్టులో దావా వేశారు. తివారీ అప్పుడు ఆంధ్రప్రదేశ్ గవర్నరు. రోహిత్ పుట్టిననాటికి ఆయన తల్లికి మరొకరితో వివాహం ఉండటంతో 112వ సెక్షన్ అడ్డు వచ్చింది. బిడ్డ చట్టబద్ధత వేరు, జన్మనిచ్చిన తండ్రి ఎవరో తెలుసుకునే హక్కు వేరు అని హైకోర్టు 2010 డిసెంబరులో పరీక్షకు ఆదేశించింది. తివారీ నిరాకరిస్తూ వచ్చారు. అవసరమైతే పోలీసుల సాయంతోనైనా నమూనా తీసుకోవచ్చని 2012 ఏప్రిల్‌లో డివిజన్ బెంచి చెప్పాక, మే 29న డెహ్రాడూన్‌లో రక్తం తీసి హైదరాబాదు పంపారు. జులై 27న నివేదిక తెరిచి తివారీయే తండ్రి అని హైకోర్టు వెల్లడించింది. 2014 మార్చిలో ఆయన రోహిత్‌ను కొడుకుగా బహిరంగంగా అంగీకరించారు. పదవి, పలుకుబడి ఉన్న వ్యక్తి చేత నిజం ఒప్పించడానికి ఒక కొడుకు ఎంతకాలం పోరాడవలసి వచ్చిందో ఈ కేసు దేశానికి చూపింది.

ఆస్తి హక్కు

హిందూ వారసత్వ చట్టం 3వ సెక్షన్ ప్రకారం పెళ్ళికి వెలుపల పుట్టిన పిల్లలు తల్లికీ, ఒకరికొకరికీ మాత్రమే బంధువులు. అందువల్ల తల్లి ఆస్తికి వారసులవుతారు. తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన ఆస్తిలో వారికి వాటా లేదు, డిఎన్ఏ పరీక్షలో పితృత్వం తేలినా సరే.

తల్లిదండ్రులు పెళ్ళి చేసుకున్నా ఆ పెళ్ళి చెల్లనిదైతే పరిస్థితి వేరు. మొదటి భార్య ఉండగా చేసుకున్న రెండో పెళ్ళి ఇందుకు ఉదాహరణ. 1976లో సవరించిన హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ అలాంటి పిల్లలను చట్టబద్ధ సంతానంగానే గుర్తించింది. వారికి తల్లిదండ్రుల ఆస్తిలో మాత్రమే హక్కు ఉంటుంది. ఈ మాటను సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2023 సెప్టెంబరు 1న వివరించింది. తండ్రి చనిపోవడానికి ముందు ఉమ్మడి ఆస్తి పంపకం జరిగిందనుకుంటే ఆయనకు వచ్చే వాటా కూడా తండ్రి ఆస్తే కాబట్టి, అందులో ఈ పిల్లలకు భాగం ఉంటుంది. పుట్టుకతోనే ఉమ్మడి కుటుంబ ఆస్తిలో వాటాదారులు మాత్రం కారు. రెండో భార్య పిల్లలన్న కారణంతో కారుణ్య నియామకం నిరాకరించరాదని 2018 డిసెంబరులో రైల్వేకు సంబంధించిన కేసులో తీర్పు వచ్చింది.

గుడిలో దండలు మార్చుకున్నారా, సప్తపది జరిగిందా అన్న సాక్ష్యం కోసం ఈ దావాల్లో అంత పట్టుబట్టేది ఇందుకే. ఏదో ఒక పెళ్ళి తంతు రుజువైతే, అది చెల్లనిదైనా బిడ్డకు వాటా వస్తుంది. తంతు ఏదీ లేకపోతే రాదు. సహజీవనంలో ఉండి బిడ్డకు భద్రత కల్పించాలనుకునే తండ్రికి ఖాయమైన మార్గం వీలునామా లేదా రిజిస్టర్ చేసిన దానపత్రం. స్వార్జితాన్ని తనకు నచ్చినవారికి ఇచ్చే హక్కు ఆయనకు ఎలాగూ ఉంది.

సున్నీ హనఫీ సంప్రదాయం పాటించే ముస్లింలలో పెళ్ళికి వెలుపల పుట్టిన బిడ్డకు తల్లి నుంచే వారసత్వం వస్తుంది. తండ్రి బిడ్డను తనదిగా అంగీకరించడాన్ని ఇక్రార్ అంటారు. తల్లిదండ్రుల మధ్య నికా జరిగిందా లేదా అన్నది సందేహంగా ఉన్నప్పుడే అది పనిచేస్తుందని, నికా లేదని రుజువైన చోట పనిచేయదని 1888లో అలహాబాదు హైకోర్టు తేల్చింది. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి 27న అమల్లోకి వచ్చిన ఉమ్మడి పౌరస్మృతి, సహజీవనంలో పుట్టిన బిడ్డను ఆ జంట చట్టబద్ధ సంతానంగా గుర్తించింది.

సంరక్షకత్వం, తండ్రి స్థానం

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షన్ ప్రకారం పెళ్ళికి వెలుపల పుట్టిన బిడ్డకు సహజ సంరక్షకురాలు తల్లి, ఆమె తర్వాతే తండ్రి. 2015 నాటి ఏబీసీ కేసులో క్రైస్తవురాలైన అవివాహిత తల్లి, తండ్రికి నోటీసు ఇవ్వకుండానే బిడ్డకు సంరక్షకురాలిగా నియమితురాలు కావచ్చని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బాధ్యత తీసుకోని తండ్రి పేరు బయటపెట్టమనడం తల్లి గోప్యతకు భంగమని భావించింది. బిడ్డ మీద నిజంగా ప్రేమ ఉన్న తండ్రికి తలుపులు పూర్తిగా మూసుకుపోలేదు. తర్వాత కోర్టుకు వచ్చి, బిడ్డ మేలు కోసమని చూపించి ఉత్తర్వు మార్చమని కోరవచ్చు. బిడ్డను పెంచలేని తల్లి 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద శిశు సంక్షేమ సమితికి అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలల గడువు ఉంటుంది.

జోగినుల పిల్లలు

తెలుగు నేల మీద ఈ సమస్య అత్యంత బాధాకరంగా కనిపించింది జోగినీ వ్యవస్థలో. తెలంగాణలోని నిజామాబాదు, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో దళిత కుటుంబాల ఆడపిల్లలను దేవత పేరున వదిలేవారు. ఊళ్ళోని పైకులాల మగవారు వారిని వాడుకునేవారు. పుట్టిన పిల్లలకు తండ్రి ఎవరో ఊరంతటికీ తెలిసినా ఏ కాగితం మీదా ఉండేది కాదు. సంఘ సంస్కర్త హేమలతా లవణం వంటివారి ఉద్యమాల తర్వాత 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జోగినీ, బసివి తదితర ఆచారాలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆచారాన్ని నేరం చేసిన ఆ చట్టం పిల్లలకు తండ్రులను తేల్చిపెట్టలేదు. డిఎన్ఏ పరీక్ష వీలున్న కాలంలో కూడా, తిండికీ పనికీ ఆ మగవారి పొలాల మీదే ఆధారపడిన తల్లి వారి మీద కేసు వేయడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

ఇతర దేశాల్లో

ఫ్రాన్సులో 1804 నాటి నెపోలియన్ స్మృతి తండ్రి ఎవరని వెతకడాన్నే నిషేధించింది. 1912 దాకా ఆ నిషేధం సడలలేదు. నార్వే 1915లో కాస్ట్‌బర్గ్ చట్టాలతో పెళ్ళికి వెలుపల పుట్టిన పిల్లలకు తండ్రి ఇంటిపేరు, వారసత్వం ఇచ్చి ప్రపంచానికి ముందుండి దారి చూపింది. జర్మనీలో తండ్రి యువజన సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి, తల్లి సమ్మతితో, బిడ్డ పుట్టకముందే ఒప్పుకోలు నమోదు చేయించుకోవచ్చు. ఇంగ్లండు, వేల్సులలో 2003 డిసెంబరు 1 నుంచి జనన రిజిస్టరులో తల్లితో కలిసి పేరు నమోదు చేయించుకున్న అవివాహిత తండ్రికి తల్లితో పాటు బాధ్యతలు, హక్కులు వస్తాయి.

అమెరికాలో 1996 నాటి ఫెడరల్ చట్టం వల్ల ప్రతి రాష్ట్రమూ ఆసుపత్రిలోనే ఒప్పుకోలు పత్రం అందుబాటులో ఉంచాలి. తల్లిదండ్రులిద్దరూ సంతకం చేస్తే అది కోర్టు తీర్పుతో సమానం. 60 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. ఆ తర్వాత మోసం, బలవంతం, వాస్తవం విషయంలో పొరపాటు వంటి కారణాలతోనే సవాలు చేయగలరు. అక్కడ స్థిరపడిన తెలుగువారికి మరో నియమం అవసరపడుతుంది. అమెరికా పౌరుడైన తండ్రికి పెళ్ళి కాకుండా అమెరికా వెలుపల పుట్టిన బిడ్డకు ఆ పౌరసత్వం రావాలంటే రక్తసంబంధానికి స్పష్టమైన రుజువు ఉండాలి. 18 ఏళ్ళు వచ్చేదాకా పోషిస్తానని తండ్రి రాతపూర్వక హామీ ఇవ్వాలి. బిడ్డకు 18 నిండకముందే పితృత్వం చట్టపరంగా తేలాలి. తల్లి పౌరురాలైతే షరతులు వేరు.

విమర్శ, సంస్కరణ

1992 డిసెంబరులో భారతదేశం ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో చేరింది. వీలైనంతవరకు తన తల్లిదండ్రులెవరో తెలుసుకునే హక్కు, వారి సంరక్షణ పొందే హక్కు ప్రతి బిడ్డకూ ఉందని దాని 7వ అధికరణం చెబుతుంది. తన లేదా తల్లిదండ్రుల పుట్టుక, హోదా వంటి కారణాలతో ఏ బిడ్డపైనా వివక్ష చూపరాదని 2వ అధికరణం అంటుంది. భారత రాజ్యాంగం 39వ అధికరణం పిల్లలు స్వేచ్ఛతో, గౌరవంతో ఎదిగే పరిస్థితులు కల్పించమని రాజ్యాన్ని ఆదేశిస్తుంది.

వీటితో పోల్చితే నేటి చట్టంలో మూడు లోపాలు కనిపిస్తాయి. మొదటిది, ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉన్న తండ్రికి కూడా సులువైన నమోదు ప్రక్రియ లేదు. జనన నమోదు ఫారంతో పాటే ఇద్దరి సంతకాలతో ఒప్పుకోలు తీసుకునే ఏర్పాటు ఉంటే ఎన్నో కేసులు అసలు పుట్టవు. రెండోది, రుజువు భారం పూర్తిగా తల్లి మీదే ఉంది. పరీక్ష ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ఖర్చుతో జరగాలో, నిరాకరిస్తే ఏమవుతుందో తీర్పుల్లో వెతుక్కోవలసి వస్తోంది. వీటిని చట్టంలోనే రాసి, గడువు పెట్టాలి. మూడోది, అన్నిటికన్నా లోతైనది, వారసత్వ చట్టంలోని 3వ సెక్షన్. చెల్లని పెళ్ళి చేసుకున్నవారి బిడ్డకు తండ్రి ఆస్తిలో భాగం ఇచ్చి, పెళ్ళే చేసుకోనివారి బిడ్డకు ఇవ్వకపోవడానికి ఆ బిడ్డల వైపు నుంచి చెప్పగల కారణం ఒక్కటీ లేదు. ఇద్దరికీ తండ్రి తండ్రే. 1976లో పార్లమెంటు చెల్లని పెళ్ళిళ్ళ పిల్లలకు ఇచ్చిన న్యాయాన్ని పెళ్ళి లేని జంటల పిల్లలకు కూడా విస్తరిస్తే, పితృత్వం తేలిన ప్రతి బిడ్డకూ ఆ నిర్ధారణ భరణంతో ఆగిపోకుండా పూర్తి ఫలం ఇస్తుంది.